ముప్పై మూడో పూస

పాత కాలేజీ నుంచి రికార్డు అసిస్టెంట్ ఫోన్ చేసి ఖాలా పోయిందని చెప్పిన సమయానికి నా చేతిలో హైపో సీసా ఉంది. సెకండియర్ పిల్లలకు చర్యారేటు ప్రయోగం చూపిస్తున్నాను. తెల్ల కాగితం మీద ఇంటూ గుర్తు గీసి, దాని మీద గాజు ఫ్లాస్కు పెట్టి, అందులో హైపో ద్రావణం పోసి, కాస్త యాసిడ్ కలుపుతాం. కాసేపటికి గంధకం పుట్టి ద్రవం పాలలా తెల్లబడుతుంది, కింద ఉన్న గుర్తు కనబడకుండా పోతుంది. అది ఎన్ని సెకన్లలో మాయమైందో రాసుకోవాలి. హైపో గాఢంగా ఉంటే తొందరగా పోతుంది, పలచగా ఉంటే ఆలస్యంగా పోతుంది. ఇంతే ప్రయోగం. ఇందులో తప్పు చేయాలంటే కూడా కొంత ప్రతిభ కావాలి. ఆ ప్రతిభ నాకుంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

గుర్తు పోయింది మేడం, గుర్తు పోయింది మేడం అని పిల్లలు రెండుసార్లు చెప్పారట. నేను టైం చూసుకోలేదు.

మూడో రోజు ఆమె కోసం ప్రార్థనలు చదివే జియారత్‌కు వెళ్లాను. పురానాపూల్ దాటాక ఎడమ చేతి సందులో, కుట్టు మిషన్ల చప్పుడు వినిపించే వరుసలో ఆమె ఇల్లు. ఆడవాళ్లు కూర్చున్న గదిలో నేల మీద తెల్ల దుప్పటి పరిచి చింతగింజలు కుప్పగా పోశారు. ఒక్కొక్కరు ఒక్కొక్క గింజ తీసి, పెదవుల మధ్యనే ఏదో చదివి, పక్కన పెడుతున్నారు. పోయిన మనిషి కోసం అలా లెక్కపెట్టి చదువుతారు. నాకు ఆ చదివేది రాదు. గోడకు ఆనుకుని కూర్చుని ఆ చేతులను చూస్తూ ఉండిపోయాను. ఖాలా జీవితమంతా లెక్కపెట్టిన మనిషి. నాకు ఆ లెక్క అర్థం కావడానికి ఒక పరీక్ష పాడవ్వాల్సి వచ్చింది.

ఆమెకు పేరుంది. హాజరు పుస్తకంలో ఉండేది. కానీ ప్రిన్సిపాల్ మొదలుకుని గేటు ముందు జామకాయలమ్మే అతని దాకా అందరూ ఖాలా అనే పిలిచేవాళ్లం. ఉర్దూలో అమ్మ చెల్లెల్ని అలా పిలుస్తారు. పాతబస్తీలో ఆడపిల్లల జూనియర్ కాలేజీ అది. ఆమె కెమిస్ట్రీ ల్యాబ్ అటెండర్. ఏడో తరగతి దాకా ఉర్దూలో చదువుకుంది. తెలుగు గలగలా మాట్లాడేది గానీ రాయడం రాదు. సెలవు చీటీ కావాలంటే నా దగ్గరికి వచ్చి, పక్కన నిలబడి చెప్పి రాయించుకునేది, కింద ఉర్దూలో సంతకం పెట్టేది.

పొట్టి మనిషి. ల్యాబు బల్లలు ఆమెకు అందేవి కావు. ఒక చెక్కపీటను కాలితో తోసుకుంటూ బల్ల బల్లకూ తిరిగేది. వేళ్ల మీద సిల్వర్ నైట్రేట్ నల్లమచ్చలు. అవి కనబడకుండా పండగ పండగకూ మెహందీ పెట్టుకునేది. మెహందీ వెలిసిపోయేది, మచ్చలు ఉండేవి. యాసిడ్‌ను ఏనాడూ యాసిడ్ అనలేదు, తేజాబ్ అనేది. పరీక్షనాళికను కడిగి, వెలుతురుకేసి పట్టుకుని, ఒక కన్ను మూసి చూసేది. నీటిచుక్క గాజు మీద నిలబడితే మళ్లీ కడిగేది, జారిపోతే సంతోషించేది. కడిగింది చాలు ఖాలా అంటే విన్న పాపాన పోలేదు.

కుడి మణికట్టుకు, కుర్తా చేతి కింద, తస్బీ చుట్టి ఉండేది. తొంభై తొమ్మిది పూసల జపమాల. ముప్పై మూడు పూసలకొకటి చొప్పున కాస్త పెద్దపూస. పని చేస్తున్నంతసేపూ ఒక చేత్తో ఫ్లాస్కు పట్టుకుని, రెండో చేత్తో పూసలు తిప్పేది. పెదవులు కదిలేవి. పాపం, పనిలో కూడా దేవుణ్ణి మరవదు అనుకునేదాన్ని. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ విషయం ఇంట్లో కూడా మెచ్చుకుంటూ చెప్పాను. తెలివైనవాళ్లం కదా, చూసిన దానికి వెంటనే అర్థం చెప్పేసుకుంటాం.

మధ్యాహ్నం పూట ఆమె తాగే పాలు లేని సులేమానీ చాయ్‌లో టీ ఆకు దూరం నుంచి సలాం కొట్టి పోయినట్టుండేది. ఈ నీళ్లు ఎట్లా తాగుతావని ఏడిపించేదాన్ని.

"పలచగుంటే ఏమైతది బేటా," అనేది. "జర టైం పడ్తది. గంతే."

ఆ మాట ఆమెకు అన్నిటికీ పనికొచ్చేది. మోకాళ్ల నొప్పితో మెట్లెక్కుతూ మధ్యలో ఆగినప్పుడు అదే మాట. బ్యూరెట్ గొట్టం పట్టుకోవడం రాక చేయి వణికే పిల్లని మేం విసుక్కుంటే అదే మాట. పాతికేళ్ల వయసులో ఉన్న కాంట్రాక్టు లెక్చరర్ని, నాకు నిదానం అంటే చిరాకు. ఎమ్మెస్సీలో వచ్చిన మార్కులు ఇంకా నా తలలో వేడిగా ఉన్న రోజులు. ప్రతిదానికీ తూకం ఉండాలి, లేబుల్ ఉండాలి, మోలారిటీ ఉండాలి అని మొదటి వారంలోనే ఆమెకు ఉపన్యాసం ఇచ్చాను. హౌ మేడం, హౌ మేడం అని తలూపింది. మర్నాటి నుంచి తన పద్ధతిలో తను చేసుకుంది.

నేను మాత్రం ఊరుకోలేదు. ఒకరోజు హైపోను మిల్లీగ్రాముతో సహా తూచి, నా చేత్తో ద్రావణం చేసి ఆమె ముందు పెట్టాను. ఆ హైపో కాలేజీ వెనక వీధిలోని ఫోటో స్టూడియో ముసలాయన ఇచ్చింది. ఫోన్లు వచ్చి, ఫోటోలు కడిగే పని పోయాక, మిగిలిన బస్తాను ల్యాబుకు పంపించేశాడు. చూడ్డానికి పటికబెల్లం పలుకుల్లా ఉండేది. ఖాలా నా ద్రావణాన్ని ఫ్లాస్కులో పోసి, తేజాబ్ కలిపి, పూసలు తిప్పుతూ చూసి, ఇది పలచగుంది అంది. నాకు ఒళ్లు మండింది. కంటితో చూసి ఎలా చెబుతావు, నేను తూచాను అన్నాను. ఆమె బస్తాలో చేయిపెట్టి గుప్పెడు పలుకులు తీసి నా అరచేతిలో పోసింది. చెమ్మగా ఉన్నాయి. మొన్నటి వానకు బస్తా అడుగు తడిసింది.

"నువ్వు నీళ్లను గూడ తూచినవు," అంది.

ఆ తర్వాత ఆమెతో తగవు పెట్టుకోలేదు. ఓడిపోయానని ఒప్పుకోనూ లేదు.

ఆమె పాఠం చెప్పడం కూడా అలాగే ఉండేది. గాఢత పెరిగితే చర్య ఎందుకు తొందరగా అవుతుందో నేను బోర్డు మీద అణువులు గీసి గంట చెప్పాను. పిల్లలు నా ముఖం చూశారు. వెనక టెస్ట్‌ట్యూబులు తుడుస్తున్న ఖాలా, రంజాన్ ఆఖరి వారంల లాడ్‌బజార్ పోయిన్రా అని అడిగింది. అందరూ పోయామన్నారు. భుజాలు తగిలినయా? తగిలాయి. పండుగైనంక పోతే తగులుతయా? తగలవు. గిదే గది అని మళ్లీ తుడుచుకోవడంలో పడింది. నేను ఇప్పటికీ ఆ పాఠం అలాగే చెబుతాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో మాత్రం చాలా ఏళ్లు చెప్పలేదు.

యాసిడ్‌ను నీళ్లలో పోయాలి గానీ నీళ్లను యాసిడ్‌లో పోయకూడదు అనే సూత్రానికి కూడా ఆమె దగ్గర ఒక మాట ఉండేది. ఒక్కడు పోయి పదిమందిల కలిస్తె లొల్లి ఉండదు, పదిమంది పోయి ఒక్కని మీద పడితె లొల్లి అయితది అనేది. ఆ ల్యాబులో ఆమె ఉన్నన్నాళ్లూ ఒక్క పిల్ల చేయి కాలలేదు.

ఇక నా ప్రతిభ సంగతి.

మా ల్యాబులో పగలకుండా మిగిలిన కొలజాడీలు రెండే. అందుకని చర్యారేటు ప్రశ్న వచ్చిన పిల్లలు ఎవరికి వారు హైపోను పలచన చేసుకునే వీలుండేది కాదు. ఖాలాయే ముందుగా మూడు పెద్ద సీసాల్లో మూడు రకాల గాఢతలు కలిపి ఉంచేది. ప్రయోగమప్పుడు పక్కన నిలబడి, ముందు ఇది తీసుకో, తర్వాత ఇది అని తనే అందించేది. సీసాల మీద మైనపు పెన్సిలుతో ఉర్దూ అంకెలు వేసుకునేది. ఆ అంకెలేమిటని ఎవరమూ అడగలేదు.

ప్రాక్టికల్ పరీక్ష రోజు ఆమెకు పొద్దున మోకాలికి సూది వేయించుకునే పని పడింది. పదకొండుకల్లా వస్తానంది. మూడు సీసాలూ బీరువాలో పెట్టి, నేనొచ్చినంకనే బయటికి తియ్యి బేటా అని రెండుసార్లు చెప్పింది. బయటి కాలేజీ నుంచి రావాల్సిన ఎగ్జామినర్ గంట ముందే వచ్చి కూర్చున్నాడు. మొదలుపెడదామా అన్నాడు. ఖాలా కోసం ఆగాలని చెప్పడానికి నాకు నామోషీ అయింది. లెక్చరర్ని నేనా, ఆమెనా? బీరువా తెరిచాను. సీసాల మీద ముప్పై మూడు, అరవై ఆరు, తొంభై తొమ్మిది అని ఉంది. మా నాన్న నీళ్లబోర్డు ఉద్యోగి, పుట్టి పెరిగింది ఆ బస్తీలోనే కాబట్టి ఉర్దూ అంకెలు నాకొచ్చు. అయితే తొంభై తొమ్మిది శాతం అన్నమాట అనుకున్నాను. ఎంత చక్కగా ఉంది! కొత్త కాగితాలు కత్తిరించి, తొంభై తొమ్మిది మీద గాఢం అని, అరవై ఆరు మీద మధ్యస్థం అని, ముప్పై మూడు మీద పలచన అని తెలుగులో గుండ్రంగా రాసి అంటించాను. ఆమె అంకెలు ఆ కాగితాల కింద కప్పబడిపోయాయి.

చర్యారేటు ప్రశ్న నలుగురికి వచ్చింది. వాళ్లలో ముగ్గురు చురుకైనవాళ్లు. గాఢం అన్న సీసాకు ఎక్కువ టైం పట్టేసరికి, మనదేదో తప్పయిందని, పుస్తకంలో ఎలా ఉండాలో అలా అంకెలు తారుమారు చేసి రాసేశారు. నాలుగోది నస్రీన్. బార్కస్ నుంచి రెండు బస్సులు మారి వచ్చే పిల్ల, మాట తక్కువ, బ్యూరెట్ పట్టుకుంటే చేయి వణికేది ఆ పిల్లకే. అది చూసింది చూసినట్టు రాసింది. ఆ లెక్కన గాఢత పెరిగిన కొద్దీ చర్య నెమ్మదిస్తోంది. ఎగ్జామినర్ ఆ కాగితం పట్టుకుని, ఇది ఏ పుస్తకంలో ఉందమ్మా అని అడిగాడు. గ్రాఫు మీద అడ్డంగా గీత కొట్టడానికి పెన్ను తీశాడు. నర్సింగ్‌లోనో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులోనో చేరాలని ఆ పిల్ల ఆశ. ప్రాక్టికల్‌లో పోతే ఆ ఏడాది పోయినట్టే.

"నాకు కనబడిందే రాసిన సార్," అంది నస్రీన్. కాగితం వెనక్కి తీసుకోలేదు.

ఖాలా అప్పుడే లోపలికి వచ్చింది. బల్ల మీది సీసాలు చూసింది, వాటి మీది కాగితాలు చూసింది, నా ముఖం చూసింది. పీట తోసుకుంటూ వచ్చి, ఎక్కి నిలబడి, ఒక్కసారి మీ గడియారం చూస్తరా సార్ అని ఎగ్జామినర్‌ని అడిగింది. నేను పలచన అని రాసిన సీసాలోంచి హైపో పోసింది. తేజాబ్ కలిపింది. తస్బీ మొదటి పూస పట్టుకుంది.

అప్పుడు చూశాను. ఆమె పూసలు గడియారంలా పడుతున్నాయి. సెకనుకొకటి. ఫ్లాస్కు కింద గుర్తు మసకబారింది, మాయమైంది, సరిగ్గా అప్పుడే ఆమె వేలు మొదటి పెద్దపూస మీదికి వచ్చి ఆగింది. ముప్పై మూడు. ఎగ్జామినర్ గడియారం కూడా అదే చెప్పింది. రెండో సీసాకు రెండో పెద్దపూస దాకా వెళ్లింది. సగం బలం, రెట్టింపు టైం. మూడోది చేయనక్కర్లేదన్నాడు ఎగ్జామినర్. అయినా చేసింది. పూర్తి మాల తిరిగింది. ఆ అంకెలు గాఢతలు కావు, పూసలు. నేను తలకిందులుగా అంటించాను.

నస్రీన్ కాగితం మీద ఎగ్జామినర్ గీత కొట్టలేదు. మార్కులు వేశాడు. మంచి మనిషే. తర్వాత, ఈ లేబుళ్లు ఎవరు అంటించారు అని అడిగాడు. పరీక్ష చూసిపోవడానికి వచ్చిన ప్రిన్సిపాల్ పక్కనే ఉన్నాడు. నా కాంట్రాక్టు మళ్లీ ఇవ్వాలా వద్దా అనేది తేలే నెల అది. నేను నోరు తెరిచాను. మాట రాలేదు. రాలేదని ఎందుకు అబద్ధం చెప్పాలి, రానివ్వలేదు.

"సీసాల జిమ్మేదారి నాది సార్," అంది ఖాలా.

అబద్ధం ఆడలేదు చూడండి. సీసాల బాధ్యత ఆమెదే, ఆ మాటలో ఎక్కడా అబద్ధం లేదు. నస్రీన్ ఏదో అనబోయింది. పక్కనే ఉన్న ఖాలా ఆ పిల్ల చేయి పట్టుకుంది. ఓదారుస్తోందనుకున్నాను.

మర్నాడు ప్రిన్సిపాల్ ఆమెను సంజాయిషీ రాసివ్వమన్నాడు. ఆమె ఎప్పటిలాగే నా దగ్గరికి వచ్చింది. ఎవరి చేత రాయించుకుంటుంది మరి! నా పొరపాటు వల్ల సీసాల మీద లేబుళ్లు మారినవి, మన్నించగలరు అని, గుండ్రటి నా చేతిరాతతో, నా పొరపాటును ఆమె పొరపాటుగా నేనే రాశాను. చదివి వినిపించమంది. వినిపించాను. సంతకం పెట్టింది. నేను ఏడ్చాను. ఇంకో రెండేండ్లల్ల నా నౌకరీ అయిపోతది, నీది ఇంక మొదలే కాలేదు, ఫికర్ నక్కో, రంది పెట్టుకోకు అని నా తల నిమిరి, కాగితం మడిచి, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"గనీ ఆ పిల్లకు నువ్వు చెప్పాలె. నాకోసం కాదు. చెప్పకుంటే నీకే బరువైతది."

చెబుతాను ఖాలా అన్నాను. ఎప్పుడని అడగలేదు ఆమె.

ల్యాబు తాళాలు ఆమె దగ్గర నుంచి తీసేసుకున్నారు. ఏళ్ల తరబడి ఆమె నడుముకు వేలాడిన గుత్తి ప్రిన్సిపాల్ గదిలో మేకుకు చేరింది. రోజూ పొద్దున్నే ఆ గది బయట నిలబడి, ఆయన వచ్చాక అడిగి తీసుకుని, సాయంత్రం తిరిగిచ్చేది. నేను ఆ వరండాలోంచే క్లాసుకు వెళ్లేదాన్ని. సలాం బేటా అనేది. రెండేళ్లు. ఒక్కరోజు లోపలికి వెళ్లి నిజం చెప్పి ఆ తాళాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టలేకపోయాను. నేను చేసిన పనుల్లో ఇంతకంటే చిన్నబుద్ధి పని ఇంకోటి లేదు. ఆమె రిటైరైంది. నాకు ఇంకో ఊళ్లో పర్మనెంట్ ఉద్యోగం వచ్చింది, తిరిగి తిరిగి మళ్లీ ఈ నగరానికే వచ్చాను. పండగకు ఫోన్ చేస్తే, ఆ పిల్లకు చెప్పినవా అని ఖాలా ఎన్నడూ అడగలేదు. అడగలేదు కాబట్టి మరిచిపోయిందనుకున్నాను.

చింతగింజల కుప్ప సగానికి తగ్గింది. ఎదురుగా కూర్చున్న అమ్మాయి లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. మేడం, నేను నస్రీన్ అంది. ఇప్పుడు రక్తపరీక్షల సెంటర్లో పని చేస్తోందట, పాప కూడా ఉందట. చేయి వణకడం లేదు. ఖాలా ఇంటికి నెలకొకసారి వచ్చేదట, చివరి వారం రోజులూ ఇక్కడే ఉందట.

ఇంక వాయిదా వెయ్యడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఆ గదిలోనే, అంతమంది మధ్యలో, గొంతు తగ్గించి చెప్పాను. ఆ రోజు లేబుళ్లు అంటించింది నేను, నస్రీన్. ఖాలా కాదు. నా వల్ల నీకు ఏడాది పోయేది. నేను నోరు విప్పలేదు.

నస్రీన్ ఒక గింజ తీసి పక్కన పెట్టింది.

"తెల్సు మేడం. ఖాలాకు తెలుగు రాయరాదు గదా."

సంజాయిషీ, తాళాలు, అన్నేళ్లు. ఇంత చిన్న సంగతి ఎవరికీ తట్టదని నేను ఎలా నమ్మాను?

"ఆ దినమే సార్‌కు చెప్తుంటి," అంది నస్రీన్. "ఖాలా నా చెయ్యి పట్టి ఆపింది. మేడమే చెప్తది, నువ్వు చెప్పకు అన్నది. నేను ఎప్పుడొచ్చినా అడిగేది, మేడం చెప్పిందా అని. లేదంటే నవ్వేది. మొన్న మంచంల పడ్డంక గూడ అడిగింది."

"ఏమన్నది?"

"గదే. జర టైం పడ్తది అన్నది."

నస్రీన్ దోసిలితో గింజలు తీసి నా ముందు పోసింది. నాకు చదవడం రాదమ్మా అన్నాను. ఏం పర్వాలేదంది. ఒక గింజ తీసి పక్కన పెట్టాను. ఇంకోటి తీశాను. సెకనుకొకటి, ఆమె వేళ్లు కదిలిన వేగంతోనే. ముప్పై మూడు దాటాను, అరవై ఆరు దాటాను. మేడం చెప్పిందని ఇప్పుడు ఎవరికి చెప్పాలి? దోసెడు గింజలూ అయిపోయాయి. నస్రీన్ ఇంకో దోసెడు పోసింది.